ఒక్క రోజు ఆలస్యం

నేను ఖమ్మంలో బరువు తగ్గించే ఆపరేషన్లు మొదలుపెడతానని చెప్పినప్పుడు మా నాన్న చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఏన్కూరు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసిన మనిషి. "మన దిక్కు కడుపు నిండక తిప్పలు పడేటోళ్లే ఎక్కువ కదమ్మా. కడుపును కోసి చిన్నగ చేస్తనంటే ఎవరొస్తరు నీ దగ్గరికి?" అని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. నేను షుగర్ గురించి, మోకాళ్ల గురించి, నిద్రలో ఊపిరి ఆగిపోవడం గురించి ఏదో చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

అప్పటికి నేను ఊరికి తిరిగొచ్చి ఆరేళ్లయింది. చదువుకున్న పెద్దాసుపత్రిలో పొట్ట ఆపరేషన్ అంటే జానెడు కోత. కోత మానడానికి పది రోజులు, బరువు ఎత్తడానికి మూడు నెలలు. మొదటిసారి కెమెరాతో పిత్తాశయం తీసింది చూసిన రోజు నాకు బాగా గుర్తు. వేలు పట్టేంత చిల్లులు నాలుగు, అంతే. మర్నాడు పొద్దున ఆ పేషెంటు మంచం మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటోంది. నేను చెయ్యాల్సింది ఇదే అనుకున్నాను. కోయంబత్తూరు వెళ్లి రెండేళ్లు ఆ పని నేర్చుకుని వచ్చాను. ఇక్కడ అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు చిన్న కోత అనేది సోకు కాదు. పినపాక వైపు నుంచి వచ్చిన ఒకామె పిత్తాశయం తీయించుకుని పదో రోజుకల్లా తునికాకు కోతకు పోయిందని విని కోప్పడ్డాను గానీ, లోపల గర్వంగానే ఉండింది.

బరువు ఆపరేషన్లకు మొదట వచ్చినవాళ్లు నాన్న అనుకున్నట్టే పట్నంవాళ్లు. మిర్చి వ్యాపారులు, కాంట్రాక్టర్లు, ఒక కాలేజీ లెక్చరర్. అన్నీ బాగా అయ్యాయి. వాళ్లు సన్నబడి, కొత్త బట్టలు కుట్టించుకుని, స్వీట్ బాక్సులు పట్టుకుని వచ్చేవాళ్లు. నాకు పేరొచ్చింది. ఆ పేరు నాకు కొంచెం ఎక్కువే నచ్చిందని ఇప్పుడు ఒప్పుకోగలను.

అట్లాంటి రోజుల్లో, ఒక వానాకాలం పొద్దున, ఆమె వచ్చింది. దుమ్ముగూడెం దగ్గర కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల హాస్టల్లో వంటామె. నలభై ఆరేళ్లు. తెల్లచీర మీద నీలం చుక్కలు, మెడలో చిన్న శిలువ, చేతిలో ఎక్స్‌రేల కవరు. వెనక ఆమె భర్త, ఆమె పక్కన నిలబడితే ఇంకా సన్నగా కనబడే మనిషి, గోదావరిలో వల వేసి బతికేవాడు. కూర్చోమన్నాను. ఆమె నా గదిలో కుర్చీల చేతుల వైపు చూసి, నిలబడే చెప్తానంది. మోకాళ్లు అరిగిపోయిన మనిషి, భద్రాచలం నుంచి నాలుగు గంటలు బస్సులో వచ్చిన మనిషి, కుర్చీలో పట్టనేమోనన్న భయంతో నిలబడి మాట్లాడింది. ఎన్నో ఏళ్లుగా అవే కుర్చీలు ఆ గదిలో ఉన్నాయి. నాకెప్పుడూ తట్టలేదు. నర్సుల గది నుంచి బల్ల తెప్పించి వేయించాను. ఆమె కూర్చుని, కాళ్లు చాపుకుని, అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

బరువెంత అని అడిగితే నూట ఇరవై ఆరు అంది. ఎక్కడ చూసుకున్నావంటే, పోయిన నెల హాస్టల్‌కు బియ్యం వచ్చినప్పుడు బస్తాలు తూచే కాంటా మీద నిలబడ్డానని చెప్పింది. చూసిన పిల్లలు నవ్వారట. తనూ నవ్విందట.

ఏం తింటావని అడగడం నా పని. సగం మంది అబద్ధం చెప్తారు, నేను సగం నమ్మను, అట్లా నడుస్తుంది. ఆమె మాత్రం వంటలెక్క చెప్పినట్టు చెప్పింది. పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. టీ తప్ప ఏమీ ముట్టదు. నూట డెబ్బై మంది పిల్లలకు ఉప్మానో పులిహోరో వండి బడికి పంపి, మధ్యాహ్నం వంట చేసి, మూడింటికి అన్నం తింటుంది. రాత్రి పిల్లలు తిన్నాక గిన్నెల దగ్గర కూర్చుంటుంది. కోయగూడేల నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు ఇంటి మీద బెంగతో కంచాల్లో సగం అన్నం వదిలేస్తారు. ఆ అన్నం పారబోయడం ఆమె వల్ల కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మ పొరుగు ఇళ్ల గంజి తెచ్చి నలుగురు పిల్లలకు పంచేదట. "కంచంల మెతుకు చూస్తే నా చెయ్యి ఆగదు డాక్టరమ్మా. ఆకలై తిన్నది తక్కువ, పారబోయలేక తిన్నదే ఎక్కువ" అంది.

ఆపరేషన్ ఎందుకు కావాలని అడిగాను. కొత్తగా వచ్చిన మదర్ మంచిదే, కానీ ఆమె అవస్థ చూసి, ఇంక కూర్చుని బియ్యం ఏరుకో, వంటకు పడుచుపిల్లని పెడతానందట. ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. పొయ్యి దగ్గర నిలబడాలి, అంతే ఆమె కోరిక. పత్రికలో చూసి ఎవరో నా సంగతి చెప్పారు. ఖర్చు మఠంవాళ్లు, ఆమె తమ్ముడు కలిసి చూసుకుంటామన్నారు. నేను బొమ్మ గీసి చూపించాను. కడుపు సంచిలో మూడొంతులు తీసేసి అరటికాయంత గొట్టం మిగులుస్తాం, కొంచెం తింటేనే నిండిపోతుంది, జీవితాంతం మాత్రలు వేసుకోవాలి, అరుదుగా కుట్టు దగ్గర లీకవ్వచ్చు, అదైతే ప్రాణం మీదికి రావచ్చు. ఇవన్నీ చెప్పాను. చెప్పడమైతే చెప్పాను. చివరి మాట మాత్రం, ఇంతవరకు నా చేతిలో అట్లా కాలేదులే అన్నట్టుగా చెప్పాను.

ఆమె అంతా విని ఒకటే అడిగింది. వండిన కూర ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోవచ్చా అని. చెంచాడు చూసుకోవచ్చన్నాను. సరే అంది.

రెండు నెలలు తయారు చేశాం. షుగర్ అదుపులోకి తెచ్చాం, ఊపిరితిత్తులకు గొట్టంలో బంతి లేపే కసరత్తు నేర్పాం. అన్నం మానేసి పప్పు కట్టు, గుడ్డు తెల్లసొన తినమంటే పదిహేను రోజులు ఒక్క మెతుకు ముట్టలేదు. ఆపరేషన్ రోజు నా చేతులు బాగా నడిచాయి. అది కూడా చెప్పాలి. ఐదు చిల్లులు, కెమెరా లోపలికి వెళ్లగానే తెరమీద కాలేయం అంచు, దాని కింద కడుపు, చుట్టూ పసుపుపచ్చ కొవ్వు. ఒక్కో స్టేప్లర్ పడుతుంటే కోత, కుట్టు ఒకేసారి అయిపోయాయి. రక్తం చుక్క కూడా లేదు. చివర్లో నీలిరంగు నీళ్లు పంపి చూశాం, ఎక్కడా కారలేదు. బయటికొచ్చి ఆమె భర్తతో అంతా మంచిగ అయిందని చెప్పాను. ఆయన రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు ఆమె వార్డులో నడిచింది. ఆ మర్నాడు చెంచాలతో నీళ్లు తాగింది. మూడో రోజు పొద్దున రౌండ్స్‌కు వెళ్లేసరికి మంచం అంచున కూర్చుని ఎడమ భుజం పట్టుకుని ఉంది. జ్వరం లేదు. పొట్ట నొక్కితే మెత్తగానే ఉంది. నాడి నూట పద్దెనిమిది ఉందని హెడ్ నర్సు చెప్పింది. ఆమె ఆ వార్డులో నాకంటే పాతది, అనవసరంగా ఒక్క మాట మాట్లాడే మనిషి కాదు. రాత్రి నూట నాలుగు ఉండె, పెరుగుతున్నది మేడం అంది. వంటామె నా వైపు చూసి, ఏదో బాగలేదని, లోపల ఏదో తేడాగా ఉందని, ఎట్లా చెప్పాలో తెలియడం లేదని అంది.

కెమెరా ఆపరేషన్‌కు పొట్టలోకి గాలి నింపుతాం, అది పూర్తిగా పోయేవరకు భుజం నొప్పి చాలామందికి వస్తుంది. అదే చెప్పాను. గ్యాస్ నొప్పి అక్కా, రెండ్రోజుల్లో పోతుంది, భయపడితే నాడి కూడా పెరుగుతుంది, లేచి నాలుగడుగులు వెయ్యమన్నాను. నొప్పి మాత్ర రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను. ఆ రోజు నాకు నాలుగు ఆపరేషన్లున్నాయి. ఆ సాయంత్రం డాక్టర్ల సంఘం వాళ్ల ముందు నేను చేసిన బరువు ఆపరేషన్ల గురించి మాట్లాడాల్సి ఉంది, స్లైడ్లు ఇంకా సర్దుకోలేదు. అందులో ఒక స్లైడు మీద, లీకులు సున్నా అని రాసుంది.

మధ్యాహ్నం హెడ్ నర్సు ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేయించి, నాడి నూట ఇరవై రెండు అని కబురు పెట్టింది. సెలైన్ పెంచమని, సాయంత్రం చూస్తానని చెప్పించాను. సాయంత్రం మీటింగ్‌కు వెళ్లాను. చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజు పొద్దున ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది. బూడిద పూసినట్టుంది. పెదవులు ఎండిపోయాయి. నాడి నూట నలభై, జ్వరం నూట రెండు. ఆమె నన్ను చూసి కళ్లు మూసుకుంది. స్కాన్‌లో కనబడింది, కడుపు గొట్టం పైభాగాన కుట్టు దగ్గర నుంచి, స్కాన్ కోసం తాగించిన మందు బయటికి కారుతోంది. గంటన్నరలో మళ్లీ థియేటర్‌లో ఉన్నాం. అవే ఐదు చిల్లులు, అదే కెమెరా, కానీ ఈసారి తెరమీద అంతా చీము. కాలేయం కింద, ప్లీహం చుట్టూ, అంతటా. సీసాల కొద్దీ సెలైన్‌తో కడిగాం. చీము బయటికి రావడానికి రెండు గొట్టాలు పెట్టాం, నోటితో తినకుండా బతకడానికి పేగులోకి ఒక సన్న గొట్టం వేశాం. నా చేతులు ఆ రోజు కూడా బాగానే నడిచాయి.

బయట ఆమె భర్త బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను, కుట్టు విడిచిందని, లోపల చీము పట్టిందని, శుభ్రం చేశామని. ఆయన బతుకుతదా మేడం అని అడిగాడు. బతికించడానికే చూస్తున్నాం అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అడగకపోవడం నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజులు ఊపిరి మెషిన్ మీద ఉంది. రెండో ఆపరేషన్ అయిన ఐదో రోజుకు ఐసీయూ నుంచి బయటికొచ్చింది. జ్వరం దిగింది, గొట్టాల్లోంచి చీము తగ్గింది. బతుకుతుందని నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు మొదలైంది నాకు అసలు బాధ. కుట్టు విడవడం ఎవరి చేతిలోనైనా జరగొచ్చు, అందుకు నేను తల దించుకోవక్కర్లేదు. కానీ ముందురోజే ఆమె చెప్పింది. నర్సు రెండుసార్లు చెప్పింది. ఆ రోజే స్కాన్ తీసి ఉంటే చీము అంత పాకేది కాదు, ఊపిరి మెషిన్ దాకా పోయేదీ కాదు.

ఆసుపత్రి పెద్దాయనతో ఆమెకు ఈ సంగతి చెప్తానన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. లీకు అవ్వొచ్చని ముందే సంతకం తీసుకున్నాం కదా, బతికింది కదా, ఉన్న నమ్మకం పోగొట్టుకోవడం ఎందుకు, ఆమెకు కూడా మనశ్శాంతి ఉండదు అన్నాడు. ఆ చివరి మాట నాకు నచ్చింది. ఆమె మంచి కోసమే చెప్పకుండా ఉంటున్నాను అనుకోవడానికి వీలిచ్చే మాట. రెండు రోజులు దాన్ని పట్టుకుని తిరిగాను.

మూడో రోజు హెడ్ నర్సు చార్టు మీద సంతకం పెట్టించుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది. "ఆమె నన్ను అడుగుతున్నది మేడం, నొప్పి అన్న రోజే ఎందుకు చూడలేదని. నేనేం చెప్పాలె?"

నేనే చెప్తానన్నాను. రెండో ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు, ఓపీ అయిపోయాక, ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. భర్త కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఆయన్నీ దగ్గరికి రమ్మన్నాను.

"అక్కా, మూడో రోజు నువ్వు బాగలేదన్నవ్. నేను గ్యాస్ అన్న. అది తప్పు. ఆ రోజే స్కాన్ తియ్యాల్సింది. నర్సు కూడా చెప్పింది, నేను వినలేదు. ఒక రోజు ఆలస్యం చేసిన. ఆ ఒక్క రోజుకే నీకు ఇంత అయింది."

ఆమె పైకప్పు వైపు చూసింది. భర్త ఆమె కాలి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను ఇంకేదో అనబోతే చెయ్యి కొంచెం ఎత్తి ఆపింది.

"లావున్నోళ్లు నొప్పంటే ఎవరూ నమ్మరు డాక్టరమ్మా" అంది. "మోకాలు నొప్పంటే లావన్నరు. దమ్మొస్తుందంటే లావన్నరు. గర్భసంచి నొప్పికి పోతే గూడ లావు తగ్గి రమ్మన్నరు. మీరు బల్ల ఏసి కూసోబెట్టినప్పుడు, ఈమె వింటదనుకున్న."

అని గోడ వైపు తిరిగింది. నేను లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. పొద్దున, సాయంత్రం వెళ్లేదాన్ని. గొట్టాలు చూసేదాన్ని, పొట్ట చూసేదాన్ని. అడిగినదానికి తల ఊపేది. నర్సులతో మాట్లాడేది, స్వీపరామెతో నవ్వేది, నేను రాగానే ఊరుకునేది. ఆమె క్షమించాలని నేను అనుకోకపోతే అబద్ధం. చెప్పేశాను కదా, ఇంకేం చెయ్యాలి అని కూడా ఒక పూట కోపం వచ్చింది. కానీ వెళ్లడం మానలేదు.

ఐదో రోజు మాట్లాడింది, కానీ నా గురించి కాదు. మా కాంటీన్ గురించి. కాంటీన్ వార్డు కిందనే ఉంది, పదకొండు గంటలకు తాలింపు వాసన పైకొస్తుంది. నోట్లో మంచినీళ్లు కూడా పడని మనిషికి ఆ వాసన ఎంత హింసో నేను ఆలోచించలేదు. "మీ వంటాయన రోజూ పోపు మాడుస్తుండు. నూనె కాగకముందే ఆవాలు ఏసి, అవి చిటపటమనలేదని మంట పెద్దగ పెడుతుండు. ఎల్లిపాయ నల్లగైతది" అంది. నేను కిందికి వెళ్లి ఆ మాట అతనికి చెప్పాను. అతను ముందు ముఖం ముడుచుకున్నాడు, తర్వాత ఎవరామె అని చూడ్డానికి పైకొచ్చాడు. అతను మంచం పక్కన నిలబడి అరగంట పాఠం విన్నాడు. తర్వాత మా సాంబారు బాగుపడింది, అది అందరూ గమనించారు. ఆమెకు మాత్రం ఇంకో మూడు వారాల దాకా చుక్క నీళ్లు లేవు. పేగులోని గొట్టంలోంచి పాలపొడి నీళ్లు రోజంతా బొట్టుబొట్టుగా దిగేవి.

ఆ రోజుల్లో రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు ఆమె దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. వైద్యం కోసం కాదు. ఆమె హాస్టల్ సంగతులు చెప్పేది. కొత్తగా వచ్చిన కోయపిల్లలకు తెలుగు సరిగా రాక ఆకలైనా అడగరని, వాళ్ల భాష నాలుగు మాటలు తను నేర్చుకుందని, మొదటి వారం వాళ్లను వంటింట్లోనే కూర్చోబెట్టుకుంటుందని చెప్పింది. తన చోట ఇప్పుడు వండుతున్న పడుచుపిల్ల ఫోన్ చేసి పప్పుకు ఎన్ని నీళ్లు పోయాలని అడిగేది. ఆమె పడుకునే చెప్పేది. భర్త నాలుగు రోజులకోసారి ఊరికి వెళ్లి వల వేసుకుని తిరిగొచ్చేవాడు.

ఐదో వారం దాటాక స్కాన్ తీశాం. మందు ఎక్కడా కారలేదు, కుట్టు దగ్గర మూసుకుపోయింది. పప్పు కట్టు తాగొచ్చని చెప్పాను. కాంటీన్ వంటాయన తనే గిన్నె పట్టుకొచ్చాడు. ఆమె చెంచా నోట్లో పెట్టుకుంది, మింగలేదు. అట్లాగే బుగ్గలో ఉంచుకుని నా వైపు చూసింది. కళ్లనిండా భయం. మింగితే మళ్లీ కారుతుందేమోనని. మింగు, ఏం కాదు అని చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. ఆ మాట ఆమె నా దగ్గర ఒకసారి విన్నదే కదా.

"నీకు ఎప్పుడు మింగాలనిపిస్తే అప్పుడే మింగు. నేను ఇక్కడనే ఉంట" అన్నాను.

కింద ఓపీలో జనం ఉన్నారు. నర్సు రెండుసార్లు తొంగిచూసింది. ఆమె ఎప్పటికో మింగింది. కాసేపు ఆగింది. ఇంకో చెంచా తీసుకుంది. నాలుగు చెంచాలకు నలభై నిమిషాలు పట్టింది. అయ్యాక భర్త వైపు చూసి, మంచిగున్నది అంది.

ఇంటికి వెళ్లేముందు రోజు ఆమె నన్ను పిలిపించింది. కోపం పోయిందని చెప్పలేదు. ఒక మాట అడుగుతా చేస్తారా అంది. తనలాంటివాళ్లు ఎవరైనా బాగలేదంటే, మీరు థియేటర్‌లో ఉన్నా మీటింగ్‌లో ఉన్నా, నర్సు మీ కోసం ఆగకుండా స్కాన్ తీయించేటట్టు చెయ్యండి అంది. ఆమె చెప్పింది చాలా సులువైన సంగతి. ఆ వారమే కాగితం మీద రాసి వార్డులో పెట్టించాం. కడుపు ఆపరేషన్ అయినవాళ్ల నాడి నూట ఇరవై దాటితే, లేదా ఏదో తేడాగా ఉందని పేషెంటే చెప్తే, నర్సు ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు. హెడ్ నర్సు ఆ కాగితం చదివి, మడతపెట్టకుండా గోడకు అంటించింది. తర్వాతి ఏళ్లలో ఆమె నాలుగైదుసార్లు అట్లా స్కాన్ తీయించింది. ఒకటి తప్ప అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ ఒక్కటి పేగు మెలిక. వెంటనే సరిచేస్తే ఆ పేషెంటు మూడో రోజుకు ఇంటికి వెళ్లాడు. ఆ లీకులు సున్నా స్లైడు తీసేశాను.

ఏడాదిన్నర తర్వాత మెడికల్ క్యాంపు పేరు మీద దుమ్ముగూడెం వెళ్లాను. అసలు ఆమెను చూద్దామనే వెళ్లాను. హాస్టల్ వెనక రేకుల షెడ్డు కింద రెండు పెద్ద పొయ్యిలు. ఆమె డేగిసాలో గరిటె తిప్పుతూ నిలబడి ఉంది. ఎనభై నాలుగు కిలోలు, అదే కాంటా మీద తూచుకుందట. జుట్టు సగం ఊడింది. చేతుల కింద చర్మం వేలాడుతోంది. మొహం పెద్దవయసుగా కనబడింది. షుగర్ మాత్రలు మానేసి ఏడాదయింది. రాత్రులు పడుకుని నిద్రపోతుంది, ముందైతే గోడకు ఆనుకుని కూర్చునే కునికేదట. పడుచుపిల్ల కూడా అక్కడే ఉంది, కూరగాయలు తరుగుతూ. తను తిరిగొచ్చాక ఆ అమ్మాయిని పంపించెయ్యొద్దని మదర్‌తో తనే చెప్పిందట. పిల్లల కంచాల్లో అన్నం ఇంకా మిగులుతూనే ఉందని, ఇప్పుడది పక్కింటి కోళ్లకు పోతుందని, మొదట్లో బకెట్‌లో వేస్తుంటే ఏడుపొచ్చేదని చెప్పింది. ఆపరేషన్ కంటే అదే కష్టమైందట.

పిల్లలందరూ తిన్నాక మేం కూర్చున్నాం. ఆమె చిన్న సాసర్లో రెండు ముద్దలంత అన్నం పెట్టుకుంది. తినడానికి నాకంటే ఎక్కువసేపు పట్టింది. మా నాన్న అడిగిన ప్రశ్న ఆమెతో చెప్పాను. ఆమె కొంచెం నవ్వి, గంజి తాగి పెరిగినోళ్లకే ఈ ఆపరేషన్ ఎక్కువ కావాలని మీ నాయనకు చెప్పండి అంది. తిరిగొచ్చి చెప్పాను. ఆయన ఆమెది ఏ ఊరని అడిగాడు.

నాలుగు నెలలకోసారి రక్తపరీక్షకు వస్తుంది. మొన్న వచ్చినప్పుడు నాలుగు కిలోలు పెరిగింది, విటమిన్ మాత్రలు రెండు నెలలుగా వేసుకోవడం లేదు. కోప్పడ్డాను. మాత్రలు మింగి మింగి విసుగొచ్చిందని తనూ కోప్పడింది. మోకాళ్ల నొప్పి అనుకున్నంత తగ్గలేదంది. అది నిజమే, నేను కొంచెం ఎక్కువ ఆశ పెట్టాను. ఎముకల డాక్టరును చూడమంటే ఇంక ఏ డాక్టరూ వద్దంది. లేచేముందు, ఇంకా ఆ ఆపరేషన్ చేస్తున్నారా అని అడిగింది. చేస్తున్నానన్నాను.

"చెయ్యుండ్రి. నాకు ఆఖరికి మంచిగనే అయింది. కాకపోతే ముందుగాల నా సంగతి చెప్పుండ్రి వాళ్లకు. పేరు చెప్పకుండ్రి, జరిగింది చెప్పుండ్రి."

చెప్తున్నాను. ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి మనిషికీ బొమ్మ గీసిన తర్వాత ఆమె కథ చెప్తాను, ఒక రోజు ఆలస్యంతో సహా. విని కొందరు తిరిగి వెళ్లిపోతారు. ఎక్కువమంది ఇంకో పది ప్రశ్నలు అడిగి, ఉంటారు.

మధ్యాహ్నం భద్రాచలం బస్సుకు టైమవుతోందని ఆమె కవరు సంచిలో పెట్టుకుంది. ఆటో పిలిపిస్తానంటే వద్దని, నడిచే బస్టాండుకు వెళ్లింది. హాస్టల్లో ఆ వారం కొత్తపిల్లలు వచ్చారట, రాత్రి అన్నానికి తను ఉండాలట.